ఒకే పట్టాల మీద మూడు రిమోట్లు

మోడల్ రైళ్ళ అభిరుచిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు మొదట దొరికే సలహా, "ఏదో ఒక కంట్రోల్ సిస్టమ్ ఎంచుకో, ఇక దాన్ని వదలకు" అని. నాకూ అదే చెప్పారు. నేను దాన్ని పాటించలేదు, ఇంకొకరికి చెప్పను కూడా. నా పట్టాల మీద టీఎంసీసీ బండి, డీసీఎస్ బండి, మా అబ్బాయి లయన్‌చీఫ్ బండి ఒకేసారి తిరుగుతాయి. ఇవి మూడూ రిమోట్‌తో రైలు నడిపే వేర్వేరు సిస్టమ్‌లు. ఎవరి రిమోట్ వాళ్ళ చేతిలో ఉంటుంది. వైరింగ్ ఓపిగ్గా చేసుకుంటే ఇందులో భయపడాల్సింది ఏమీ లేదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేనుండేది న్యూజెర్సీలో. బేస్‌మెంట్‌లో ఎల్ ఆకారంలో బల్ల, దాని మీద ఓ-గేజ్ పట్టాలు. అమెరికాలో ఓ-గేజ్ అంటే అసలు బండిలో 48వ వంతు. ఇంజిన్‌ని రెండు చేతులతో ఎత్తాలి, అంత బరువు. పట్టాలు మూడుంటాయి. మధ్య పట్టా నుంచి కరెంటు ఇంజిన్‌లోకి వెళ్తుంది, అంచు పట్టాల్లోంచి తిరిగి ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరుతుంది. మామూలు బొమ్మ రైలుకు వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. కాబట్టి ఒక పట్టా మీద రెండు బళ్ళుంటే రెండూ ఒకేలా పరిగెడతాయి. కమాండ్ కంట్రోల్‌లో అలా కాదు. పట్టాల్లో ఎప్పుడూ 18 వోల్టుల ఏసీ ఉంటుంది. ఏ ఇంజిన్ ఎంత వేగంతో పోవాలో, ఎప్పుడు కూత వేయాలో దాని నంబర్ పెట్టి విడిగా చెప్తాం. ఆ చెప్పే పద్ధతి దగ్గరే కంపెనీలు చెరో దారి పట్టాయి.

లయనెల్ కంపెనీ 1900లో న్యూయార్క్‌లో పుట్టింది. తర్వాత చాలా ఏళ్ళు మా రాష్ట్రంలోనే, ఇర్వింగ్టన్‌లో, హిల్‌సైడ్‌లో వాళ్ళ ఫ్యాక్టరీ నడిచింది. ఇక్కడి పాత ఇళ్ళ అటకల మీద ఇప్పటికీ ఆ నారింజ, నీలం రంగు పెట్టెలు దొరుకుతుంటాయి. ట్రెయిన్‌మాస్టర్ కమాండ్ కంట్రోల్, అదే టీఎంసీసీ, 1990ల మధ్యలో వచ్చింది. దాని వెనక గాయకుడు నీల్ యంగ్ ఉన్నాడు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న తన కొడుకు తనంతట తానే రైలు నడపగలగాలని ఆయన వైర్‌లెస్ కంట్రోల్ మీద పని మొదలుపెట్టాడు. 1995లో కంపెనీ కొన్నవాళ్ళలో కూడా ఆయన ఒకడు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి క్యాబ్-1 అనే ఆ పాత టీఎంసీసీ రిమోట్ మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. పెద్ద ఎర్ర నాబ్, వేలికి స్పష్టంగా తగిలే బటన్లు. చూడకుండా కూడా నడపొచ్చు.

మేరీల్యాండ్‌కు చెందిన ఎంటీహెచ్ 2000ల మొదట్లో డీసీఎస్ తెచ్చింది. డిజిటల్ కమాండ్ సిస్టమ్ అని దాని పూర్తి పేరు. ఈ రెండు కంపెనీల మధ్య పోటీ కోర్టుల దాకా వెళ్ళింది. ఇంజిన్ల డిజైన్ రహస్యాలు కాజేశారన్న కేసులో 2004లో జ్యూరీ ఎంటీహెచ్‌కి 40 మిలియన్ డాలర్లకు పైగా కట్టమని లయనెల్‌కి చెప్పింది. అదే ఏడాది చివర్లో లయనెల్ దివాలా రక్షణ కోరింది. ఆ తీర్పును అప్పీల్లో కొట్టేశారు, తర్వాత ఇద్దరూ రాజీ పడ్డారు. ఇలాంటి వాతావరణంలో పెరిగిన రెండు సిస్టమ్‌లు ఒకదాని భాష ఒకటి మాట్లాడాలని ఎలా ఆశిస్తాం? 2020లో ఎంటీహెచ్ వ్యవస్థాపకుడు రిటైరవుతున్నానని ప్రకటించినప్పుడు డీసీఎస్ ఒక్కటే నమ్ముకున్నవాళ్ళకు పెద్ద టెన్షన్ పట్టుకుంది. నేను రెండూ ఉంచుకోవడానికి అదొక కారణం.

అసలు కారణం మాత్రం ఇంజిన్లే. నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే నార్త్ఈస్ట్ కారిడార్ లైన్ మీద ఒకప్పుడు జీజీ1 అనే ఎలక్ట్రిక్ ఇంజిన్లు తిరిగేవి. చివరివి 1983లో న్యూజెర్సీ ట్రాన్సిట్ దగ్గర రిటైరయ్యాయి. మా ఊరి ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఆ పొడుగాటి ఆకుపచ్చ ఇంజిన్ నా కళ్ళకు కడుతుంది. నాకు నచ్చిన జీజీ1 టీఎంసీసీతో దొరికింది. నార్‌ఫోక్ అండ్ వెస్టర్న్ రైల్వే వాళ్ళ జె-క్లాస్ ఆవిరి ఇంజిన్ డీసీఎస్‌తో దొరికింది. లోపల ఏ బోర్డు ఉందని చూసి ఇంజిన్‌ని ఇష్టపడటం, మానుకోవడం నావల్ల కాదు.

ఇప్పుడు అసలు విషయం. రెండూ ఒకే పట్టాల మీద కొట్టుకోకుండా ఎలా ఉంటాయి? అవి వెళ్ళే దారులు వేరు కాబట్టి.

టీఎంసీసీలో క్యాబ్-1 రిమోట్ 27 మెగాహెర్ట్జ్ మీద కమాండ్ బేస్ అనే డబ్బాతో మాట్లాడుతుంది. బేస్ నుంచి ఒకే ఒక వైరు బయటి పట్టాకి వెళ్తుంది. దాంట్లో 455 కిలోహెర్ట్జ్ సిగ్నల్ ఉంటుంది. పాత ఏఎం రేడియో సెట్లు విప్పి చూసినవాళ్ళకు ఈ అంకె తెలుసు, వాటి లోపల వాడే ఇంటర్మీడియట్ ఫ్రీక్వెన్సీ (ఐఎఫ్) అదే. మరి సర్క్యూట్ పూర్తవడానికి రెండో వైరు ఏది? మన ఇంటి గోడల్లో ఉన్న ఎర్త్ వైరింగే. బేస్ అడాప్టర్‌కున్న మూడో పిన్ను అందుకోసం. పట్టాకీ ఇంటి ఎర్త్‌కీ మధ్య ఏర్పడే ఫీల్డ్‌ని ఇంజిన్‌లోని యాంటెన్నా పట్టుకుంటుంది. ఎర్త్ సరిగా లేని ఎక్స్‌టెన్షన్ బోర్డుకి బేస్‌ని తగిలిస్తే సిగ్నల్ నీరసపడేది ఇందుకే. సమస్య ఇదేనా అని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మొరాయిస్తున్న ఇంజిన్ పైన అరచెయ్యి చాపి ఉంచండి, ముట్టుకోనక్కర్లేదు. వెంటనే దారిలోకి వస్తే ఎర్త్ ఫీల్డ్ చాలడం లేదన్నమాట. మన ఒళ్ళే కాసేపు ఎర్త్‌గా పనిచేస్తుంది.

డీసీఎస్ ఇలా గాలిని, గోడల్ని నమ్ముకోదు. ట్రాన్స్‌ఫార్మర్‌కీ పట్టాలకీ మధ్య టీఐయూ అనే డబ్బా కూర్చుంటుంది. రిమోట్ దానితో రేడియోలో మాట్లాడితే, అది మధ్య పట్టా, బయటి పట్టా రెండింటి మీదుగా ఇంజిన్‌కి సిగ్నల్ పంపుతుంది. ఇంజిన్ తిరిగి జవాబు కూడా ఇస్తుంది. ఈ జవాబు వల్లే రిమోట్ తెర మీద సిగ్నల్ బలం 1 నుంచి 10 వరకు అంకెల్లో చూడొచ్చు. టీఎంసీసీలో ఈ సదుపాయం లేదు. బేస్ కేక వేస్తుంది, ఇంజిన్ విన్నదో లేదో దానికి తెలియదు.

ఫ్రీక్వెన్సీలు వేరు, దారులు వేరు. అందుకే బేస్ నుంచి వచ్చే ఒక్క వైరునీ టీఐయూ నల్ల టెర్మినళ్ళున్న కామన్‌కి, అంటే బయటి పట్టా వైపుకి, కలిపేస్తే రెండూ పక్కపక్కనే బతుకుతాయి. ఒకటి కంటే ఎక్కువ ట్రాన్స్‌ఫార్మర్లుంటే ముందు ఫేజ్, అంటే వాటి ఏసీ ఒకే లయలో ఉందో లేదో, చూసుకోవాలి. కామన్లు రెండూ కలిపి, రెండు ఎర్ర టెర్మినళ్ళ మధ్య మీటర్ పెడితే దాదాపు సున్నా రావాలి. 36 దగ్గర చూపిస్తే ఒక ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్ తిరగేసినట్టే. దాన్ని సరిచేశాకే మిగతా పని.

వైరింగ్ విషయంలో మాత్రం డీసీఎస్ మాటే వినాలి. టీఎంసీసీకి పట్టాలకు ఎక్కడ ఎన్ని ఫీడర్లు (కరెంటు అందించే వైర్లు) ఇచ్చినా పట్టింపు లేదు. బల్ల కింద ఒకే లావుపాటి వైరు లాగి ప్రతి మూడు అడుగులకూ తగిలించినా నడుస్తుంది. డీసీఎస్ సిగ్నల్ అలా పలు దారుల్లో వెళ్ళి తనకు తానే అడ్డం పడుతుంది. అందుకని టీఐయూ నుంచి ఒక టెర్మినల్ బ్లాక్‌కి, అక్కడి నుంచి ప్రతి పట్టాల బ్లాక్‌కీ, అంటే విడదీసిన ఒక్కో పట్టాల భాగానికీ, విడిగా ఒక జత వైరు లాగాను. బ్లాకుల మధ్య మధ్యపట్టాని ఇన్సులేట్ చేశాను. ఒక్కో బ్లాక్‌కి ఒకే చోట, దాని నడిమధ్యన ఫీడ్. ఇది చేయడానికి వారాంతాలు పోయాయి. కానీ ఇప్పుడు నెమ్మదిగా ఇంజిన్ తిప్పుతూ చూస్తే దాదాపు అంతటా 9, 10 కనిపిస్తాయి. ఈ కష్టంలో టీఎంసీసీకి వచ్చే నష్టం ఏమీ లేదు. అందుకే రెండు సిస్టమ్‌లు పెట్టుకునేవాళ్ళు ఎప్పుడూ డీసీఎస్ కోసం వైరింగ్ చేయండి అంటాను.

టీఎంసీసీకి కావలసిన ఉపకారం ఇంకొకటుంది. నా బల్ల మీద ఒక పైఅంతస్తు ఉంది, కొండ మీద స్టేషన్‌లాగా. దాని కిందనుంచి వెళ్ళేటప్పుడు జీజీ1 హెడ్‌లైట్ రెపరెపలాడేది. పైనున్న పట్టాలు కింది ఇంజిన్‌కీ ఎర్త్‌కీ మధ్య తెరలా అడ్డొస్తాయి. మందు ఏమిటంటే, ఇంటి ఎర్త్‌కి కలిపిన ఒక వైరుని పై పట్టాల అడుగున, కింది పట్టాల వెంబడి చివరిదాకా లాగడమే. దీనికి ఎర్త్ పిన్ను ఒక్కదానికే వైరు కలిపి ఉన్న ప్లగ్ వాడాలి. మిగతా రెండు పిన్నుల జోలికి వెళ్ళకూడదు. ఆ వైరు పడ్డాక రెపరెప పోయింది.

బోగీల వల్ల వచ్చే చిక్కు మరో రకం. లైట్లున్న కొన్ని ప్యాసింజర్ బోగీల్లోని సర్క్యూట్లు డీసీఎస్ సిగ్నల్‌ని మింగేస్తాయి. ఇంజిన్ ఒక్కటే తిరిగితే 10, ఐదు బోగీలు తగిలిస్తే 4. అలాంటి బోగీలో మధ్య పట్టా మీద నడిచే రోలర్ నుంచి వచ్చే వైరుకి 22 మైక్రోహెన్రీ చోక్ (చిన్న తీగచుట్ట) సిరీస్‌లో అతికిస్తే చాలు. లైటుకి కావలసిన కరెంటు వెళ్తుంది, సిగ్నల్ బయటే ఆగిపోతుంది. చోక్ ధర చాలా తక్కువ. టంకం పెట్టడం వచ్చినవాళ్ళకు ఒక సాయంత్రం పని. కొన్ని టీఎంసీసీ ఇంజిన్లకు కూడా ఇదే వైద్యం పనికొస్తుంది.

స్విచ్ వేసే వరుస చాలా ముఖ్యం. ముందు కమాండ్ బేస్, తర్వాత తన సొంత అడాప్టర్ మీద టీఐయూ, అన్నిటికన్నా చివర పట్టాలకు కరెంటు. 18 వోల్టులు పట్టాల్లోకి వచ్చినప్పుడు టీఎంసీసీ ఇంజిన్‌కి బేస్ సిగ్నల్ వినపడకపోతే అది మామూలు బొమ్మ రైలు పద్ధతిలోకి వెళ్ళిపోతుంది. అంటే పూర్తి వోల్టేజి మీద ఒక్కసారిగా దూసుకుపోగలదు. డీసీఎస్ ఇంజిన్‌కి కూడా ఇలాంటిదే ఉంది. పట్టాలకు కరెంటు రాగానే టీఐయూ కొన్ని సెకన్లపాటు వాచ్‌డాగ్ సిగ్నల్ పంపుతుంది. అది విన్న ఇంజిన్ చీకట్లో నిశ్శబ్దంగా ఆర్డర్ కోసం ఎదురుచూస్తుంది. వినకపోతే లైట్లు వేసుకుని తన దారిన లేచి కూర్చుంటుంది. నేను మూడింటికీ మూడు వేర్వేరు స్విచ్‌లు పెట్టి 1, 2, 3 అని పెద్ద అంకెలు అంటించాను. పిల్లలు కూడా తప్పకుండా పాటిస్తారు.

ఆపడం గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. క్యాబ్-1 మీద హాల్ట్ బటన్ ఉంది. నొక్కితే టీఎంసీసీ ఇంజిన్లన్నీ ఆగుతాయి. డీసీఎస్ ఇంజిన్‌కి ఆ కేక చెవిన పడదు, అది పోతూనే ఉంటుంది. లయన్‌చీఫ్ రిమోట్ తన ఇంజిన్‌ని తప్ప దేన్నీ ఆపలేదు. పట్టాలు తప్పిన బోగీ మీదికి ఇంకో బండి వస్తున్నప్పుడు, ఇది ఎవరి సిస్టమ్ అని ఆలోచించే సమయం ఉండదు. అందుకని బల్ల అంచున, అందరి చేతికీ అందేచోట, ట్రాన్స్‌ఫార్మర్లకు వెళ్ళే కరెంటునే తెంచేసే ఎర్ర స్విచ్ ఒకటి ఉంది. మూడు రిమోట్లున్న చోట ఇది లేకపోతే నేను బండి కదపను.

టీఐయూని ఒక కేబుల్‌తో కమాండ్ బేస్‌కి కలిపితే డీసీఎస్ రిమోట్‌తోనే టీఎంసీసీ ఇంజిన్లనూ నడపొచ్చు. నా దగ్గర ఆ కేబుల్ ఉంది, ఒక్కదాన్నే ఉన్నప్పుడు వాడతాను. ఇంటినిండా మనుషులున్నప్పుడు తీసేస్తాను. డీసీఎస్ రిమోట్‌కి చిన్న తెర, సన్నటి అక్షరాలు. మా నాన్నకు ఆ మెనూలు చదవడం కష్టం. క్యాబ్-1 ఎర్ర నాబ్ మాత్రం ఆయన చేతికి అతుక్కుపోతుంది.

నాన్న వాల్తేరు డివిజన్‌లో స్టేషన్ మాస్టర్‌గా చేసి రిటైరయ్యారు. మా దగ్గరికి వచ్చినప్పుడల్లా భోజనం కాగానే బేస్‌మెంట్‌లోకి దిగుతారు. నా లేఅవుట్‌లో కింది స్టేషన్ నుంచి కొండ మీది స్టేషన్‌కి ఒకే లైన్ ఉంది. ఆయన మొదటిసారి దాన్ని చూసి, మా అబ్బాయి బండి పైకి వదలగానే అడిగారు: "ఒరే కన్నా, లైన్ క్లియర్ ఎవరిచ్చారు?"

వాడికి అర్థం కాలేదు. ఆయన కూర్చోబెట్టి చెప్పారు. సింగిల్ లైన్‌లో రెండు స్టేషన్ల మధ్య ఒక సమయంలో ఒకే బండి ఉండాలి. రెండు స్టేషన్లలోనూ నీల్స్ బాల్ టోకెన్ యంత్రాలుండేవి. అవతలి స్టేషన్ మాస్టర్ ఒప్పుకుంటే తప్ప ఇవతలి యంత్రంలోంచి ఇనుప బంతి బయటికి రాదు. ఒక బంతి బయట ఉన్నంతసేపు రెండోది ఏ స్టేషన్‌లోనూ బయటికి రాదు. ఆ బంతి డ్రైవర్ చేతికి అందితేనే బండి కదులుతుంది.

ఆయన చెప్తుంటే నాకు తట్టింది, నా బేస్‌మెంట్‌లో లేనిది సరిగ్గా ఇదేనని. టీఎంసీసీ బేస్‌కి ఏ బండి ఎక్కడుందో తెలియదు. డీసీఎస్ తన ఇంజిన్లతో మాట్లాడగలదు కానీ పక్కవాళ్ళ ఇంజిన్ ఉందన్న సంగతే దానికి పట్టదు. రెండు రిమోట్లతో ఇద్దరు మనుషులు ఆ ఒక్క లైన్‌లోకి ఎదురెదురుగా బళ్ళు వదిలితే ఆపే ఎలక్ట్రానిక్స్ ఏదీ నా దగ్గర లేదు. ఇప్పుడు మాకో స్టీలు బంతి ఉంది, పాత బేరింగ్‌లోంచి తీసింది. అది చేతిలో లేకుండా కొండ ఎక్కే లైన్‌లోకి ఎవరూ బండి తీసుకెళ్ళరు. పై స్టేషన్ దగ్గర నాన్న, కింద నేను. "లైన్ క్లియర్?" అని వాడు అరుస్తాడు. "ఇచ్చాం, రా!" అంటారు నాన్న. తొమ్మిదేళ్ళ పిల్లాడు బంతి ఇచ్చేదాకా బండి ఆపుకుని కూర్చోవడం చూస్తే నాకెంత సంతోషమో!

వాడి లయన్‌చీఫ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. అందులో ఇంజిన్ నేరుగా రిమోట్‌తో గాలిలోనే మాట్లాడుతుంది. పట్టాలనుంచి కరెంటు ఒక్కటే తీసుకుంటుంది. కాబట్టి 18 వోల్టుల ఏసీ ఉన్న ఏ పట్టా మీదైనా పెట్టి నడపొచ్చు, మిగతా రెండింటికీ దానివల్ల ఇబ్బంది లేదు. పిల్లలున్న ఇంట్లో మొదలుపెట్టడానికి ఇంతకన్నా తేలికైన దారి నాకు తెలియదు.

ఇంజిన్లకు నంబర్లిచ్చేటప్పుడు ఒక పద్ధతి పెట్టుకోండి. కొత్త టీఎంసీసీ ఇంజిన్లు 1వ నంబర్‌తో వస్తాయి. కనుక 1ని ఎవరికీ శాశ్వతంగా ఇవ్వకూడదు. ఇంజిన్ పక్కన రాసి ఉన్న నంబర్లో చివరి రెండు అంకెలు వాడటం చాలామందికి అలవాటు, నేనూ అంతే. బండి చూస్తే నంబర్ తెలిసిపోతుంది.

ఇక సాధ్యం కానిది. కొత్తవలస – కిరండోల్ లైన్‌లో ఇనుప ఖనిజం బళ్ళకు మూడేసి ఎలక్ట్రిక్ ఇంజిన్లు కట్టి ఒకే క్యాబ్ నుంచి నడుపుతారు. నాన్న ఆ బళ్ళను ఎన్నోసార్లు సాగనంపినవారు. "అమ్మాయ్, నీ మూడు ఇంజిన్లు కూడా అలా కట్టి కొండ ఎక్కించవా?" అని అడిగారు. జీజీ1, జె-క్లాస్, ఇంకొకటి కలిపి కట్టాలని ఆయన కోరిక. నేను ఒప్పుకోలేదు. ఒక్కో సిస్టమ్‌లో వేగాన్ని కొలిచే తీరు వేరు. డీసీఎస్ ఇంజిన్ ఫ్లైవీల్ మీది చారలు చూసుకుంటూ గంటకు ఇన్ని మైళ్ళని అన్న మాట నిలబెట్టుకుంటుంది. పాత టీఎంసీసీ ఇంజిన్‌కి 32 మెట్లే, చాలావాటికి వేగాన్ని నిలకడగా ఉంచే స్పీడ్ కంట్రోల్ కూడా ఉండదు, ఎత్తు రాగానే నెమ్మదిస్తుంది. కలిపి కడితే ఒకటి తోస్తుంటే ఇంకొకటి చక్రాలు రుద్దుతుంది, గేర్లు అరుగుతాయి. ఒకే సిస్టమ్ ఇంజిన్లనైతే లాష్-అప్‌గా కట్టి ఒకే రిమోట్‌తో నడపొచ్చు.

నా దగ్గర డీసీఎస్ డీజిళ్ళు రెండున్నాయి. మూడోదాని కోసం ఈ అక్టోబర్‌లో పెన్సిల్వేనియాలోని యార్క్ మీట్ అనే మోడల్ రైళ్ళ సంతకి వెళ్తున్నాం. టీసీఏ (ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్) వాళ్ళు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబర్‌లో జరుపుతారు. సెకండ్ హ్యాండ్ ఇంజిన్లకు అంతకన్నా మంచి చోటు లేదు. ఎంటీహెచ్ వాళ్ళ పాత ప్రోటో-సౌండ్ 2 రకం ఇంజిన్లలో చిన్న బ్యాటరీ ఉంటుంది, ఏళ్ళు గడిస్తే పాడవుతుంది. ఏది కొన్నా ముందు బ్యాటరీ మార్చి, ఆ తర్వాతే నంబర్ ఇస్తాను. నాన్న అప్పటికి ఇక్కడే ఉంటారు. లోడుకు కావలసిన ఖనిజం వ్యాగన్లు ఆయనే ఎంచుతానన్నారు.